నూటికి పన్నెండు

విమానపుర రోడ్డు మీద, మూడో గేటు వెనక
రేకుల షెడ్డులో మాకో ఆకాశం ఉంది.
బీరువా అంత ఉక్కు గది.
అందులో గాజు పలకల తొట్టి.
తొట్టిలో ముప్పాతిక వంతు విమానపు నూనె,
చూడ్డానికి రేషన్ కిరోసిన్‌కి చదువుకున్న చెల్లెలు.
పంపు మీట నొక్కితే గది పైకి లేస్తుంది,
ఎక్కడికీ కదలకుండానే.

ఐదువేల అడుగులు. పది. ఇరవై.
ముల్లు తిరుగుతోంది, నూనె మాత్రం ఉలకదు.
గాలి లోపలే ఉంది, నాకు తెలుసు.
నేల మీద నిలవున్న నాళ్ళన్నీ
గుటక గుటకగా మింగిన గాలి.
అందులోనూ దీనికో పక్షపాతం:
నైట్రోజన్‌ని గుమ్మంలో నిలబెట్టి
ఆక్సిజన్‌ని నట్టింట్లోకి పిలుస్తుంది.

ముప్పైవేలు. ఇంకా మౌనమే.
ఇంత మర్యాద నాకు నచ్చదు.

అప్పుడు తిప్పేస్వామి
టిఫిన్ క్యారియర్ బల్ల మీద పెట్టాడు,
కాస్త గట్టిగా.

అంతే.
శివాజీనగర్ సందులో గోలీ లోపలికి నొక్కిన సోడా!
తొట్టంతా తెల్లబడి బుసబుసమంది.
నూనెకి పైనున్న ఖాళీలో మీటరు
ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది,
ముప్పై దగ్గర ఊగి ఆగింది.
"ఏనాయ్తు మేడం?"
"నీ చిత్రాన్నం దెబ్బకి ఒక రెక్క పోయేది స్వామీ."
ఇద్దరం నవ్వాం.
ముందుగా నేను మానేశాను.

ప్రాణవాయువు అని నేర్పిన పంతులమ్మ
ఎవరి ప్రాణమో చెప్పలేదు.
నిండు కుండ తొణకదంటారు.
మా ఉద్యోగమంతా తొణికే కుండతోనే.
ఖాళీ అని మనం అనుకున్న చోటే
నూనె ఆవిరీ ఆ గాలీ పక్కపక్కన కూర్చుని
ఒక్క రవ్వ కోసం దారి చూస్తుంటాయి.

కాబట్టి ఆ ఖాళీలోకి నైట్రోజన్ తోలతాం.
ఆక్సిజన్ నూటికి పన్నెండు దాటకూడదు.
పదమూడంటే నాకు నిద్ర పట్టదు.
లెక్కల్లో నూటికి పన్నెండు తెచ్చుకున్న మా సుహిత
"మీ ల్యాబులో అయితే పాసే కదమ్మా" అంది.

తిప్పేస్వామి ఇక్కడికి రాకముందు
హ్యాంగర్‌లో తాడు పట్టుకునేవాడు.
రెక్క అడుగున చాటంత కంత.
అందులోంచి ఆరోగ్యరాజ్ భుజాలు ముడిచి పాకేవాడు,
కారే అతుకులకి మందు పూయడానికి.
బయట స్టూలు మీద తిప్పేస్వామి,
రెండు నిమిషాలకోసారి:
"ఇదీయా?"
లోపల్నించి డబ్బాలో మోగినట్టు:
"ఇదీని."
తొట్టిని కాచే గాలే మనిషిని పడుకోబెడుతుంది.
వాసనుండదు, దగ్గు రాదు,
మధ్యాహ్నం కునుకులా వస్తుందట.

ఒకరోజు "ఇదీయా?" కి జవాబు లేదు.
మళ్ళీ అడిగాడు. లేదు.
తాడు లాగాడు, కాలు రెక్కకి తన్నిపెట్టి లాగాడు.
మోకాళ్ళు గీరుకుపోయి, బూతులు తిడుతూ
బయటపడ్డాడు ఆరోగ్యరాజ్.
రివెట్లు లెక్కపెడుతున్నాడట,
నోరు తెరిస్తే లెక్క తప్పుతుందని ఊరుకున్నాడట.
తిప్పేస్వామి వాడి చెంప పగలగొట్టి
టీ తాగించాడు.
డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదంటాడు.

ఈరోజు మళ్ళీ ఎక్కాం.
ముందే నూనె అడుగునుంచి నైట్రోజన్ బుడగలు పంపి
మింగిందంతా కక్కించాం.
నలభైవేల అడుగుల దగ్గర
తిప్పేస్వామి నా వైపు చూసి
క్యారియర్ ఎత్తి బల్లకేసి కొట్టాడు.
నురగ వచ్చింది. తెల్లగా, బుసబుసమంటూ, అచ్చం మొన్నటిలాగే.
నిప్పుకి అందులో తిండి లేదు.
ముల్లు తొమ్మిది మీద.

నేను రిజిస్టర్‌లో రాసుకుంటున్నాను.
అతను గాజుకి మొహం ఆనించి
మెల్లగా అడిగాడు:
"ఇదీయా?"

తొట్టి పలకలేదు.
పలక్కపోవడమే మంచిదని ఇద్దరికీ తెలుసు.
అయినా గడియారం చూసుకుంటూ
ఇంకో రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాడు.